ఏ చివరినుండి చదవాలి?

మన కళాశాల వార్షిక సంచికకు వెనుక అట్ట అంటూ లేదు. ఎడమనుండి తెరచినవారికి తెలుగు విభాగం, కుడినుండి తెరచినవారికి ఉర్దూ విభాగం. పుటల సంఖ్యలు రెండు వైపులనుండి నడచివచ్చి నడుమ ఒకచోట ఎదురుపడి ఆగిపోతవి. సంచిక చేతికి వచ్చిన రోజున మొదటి సంవత్సరపు విద్యార్థి ఎవరో ఒకరు నా దగ్గరకు వచ్చి, "సార్, నా పుస్తకం బైండింగు తప్పింది, ముఖచిత్రం వెనక్కు పోయింది" అని ఫిర్యాదు చేయడం ఏటా జరిగేదే. నేను పుస్తకం మార్చి ఇవ్వను. అదే పుస్తకాన్ని త్రిప్పి చేతిలో పెడతాను.

ఈసారి సంపాదకవర్గంవారు నన్ను వ్యాసం అడిగినప్పుడు ప్రబంధ సాహిత్యం మీద ఏదో వ్రాస్తానని అనుకొని ఉంటారు. తెలుగు ఉపన్యాసకునినుండి అది ఆశించడం న్యాయమే. కాని కొన్ని సంవత్సరాలుగా నా మనస్సును పట్టుకొని ఉన్న విషయం మరొకటి. సీ.టీ. స్కాన్ యంత్రం కూడబెట్టిన అంకెలను సాఫ్ట్‌వేర్ ఏ క్రమంలో చదివి బొమ్మగా మారుస్తుంది, ఆ క్రమం తప్పితే ఏమవుతుంది అన్నది ఆ విషయం. ఇది నా శాస్త్రం కాదు. అయినా మా ఇంట్లో జరిగిన ఒక సంఘటన నన్ను దీని గుమ్మం తొక్కించినది.

దానికి ముందు నా బాల్యంనుండి ఒక మాట చెప్పాలి. నాకు చిన్నతనంలో రెండు పలకలు ఉండేవి. ఒకటి బడికి, మరొకటి ఇంటికి. ఇంటి పలక మీద అమ్మ ఉర్దూ అక్షరాలు దిద్దించేది. అది కుడినుండి ఎడమకు. బడి పలక మీద తెలుగు, ఎడమనుండి కుడికి. ఒకటవ తరగతిలో పంతులుగారు "కమల" అని వ్రాయమంటే నేను కుడి అంచున మొదలుపెట్టి, "క", దానికి ఎడమ ప్రక్కన "మ", దానికి ఎడమ ప్రక్కన "ల" వ్రాసి చూపించినాను. ఆయన పలక చేతికి తీసుకొని "లమక ఎవరురా?" అని నవ్వినారు. కొట్టలేదు. నా దృష్టిలో నేను సరిగానే వ్రాసినాను. ఆయన దృష్టిలో ఆయన సరిగానే చదివినారు.

ఉర్దూలో ఇంకొక చమత్కారం ఉన్నది. అక్షరాలు కుడినుండి ఎడమకు పోయినా అంకెలు మాత్రం ఎడమనుండి కుడికే. 1971 అని వ్రాయవలసివస్తే కలం ఎడమకు దూకి, ఒకటితో మొదలుపెట్టి కుడికి వచ్చి, ముగిసిన తర్వాత మళ్ళీ ఎడమకు దూకి వాక్యాన్ని అందుకొంటుంది. పంక్తి నడిచే దిక్కు ఒకటి, పంక్తిలోని సంఖ్య నడిచే దిక్కు మరొకటి. ఉర్దూ చదివే పిల్లలెవరికీ ఇది వింతగా తోచదు. ఎవరైనా అడిగితే తప్ప గుర్తుకు కూడా రాదు.

ఇక సంఘటన. 2019వ సంవత్సరం చలికాలంలో మా నాన్నగారు మిద్దె మెట్ల మీద జారిపడినారు. ఆయన ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తాగా చాలా కాలం పనిచేసి విరమించినవారు. తలకు తగిలిన దెబ్బ చిన్నదే. పసుపు పెట్టి మరచిపోయినాము. నెలన్నర గడచిన తర్వాత తలనొప్పి మొదలైనది. నడుస్తూ ఉంటే ఎడమకాలి చెప్పు ఆయనకు తెలియకుండానే జారి వెనుక పడిపోయేది. ఆయన ఒంటి చెప్పుతో ఇల్లు చేరేవారు. మొదట పిల్లలు నవ్వినారు. తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు.

కర్నూలులో ఒక ఆసుపత్రిలో చూపించినాము. తలకు సీ.టీ. స్కాన్ తీసి ఫిల్ము చేతికి ఇచ్చినారు. రిపోర్టు రావడానికి ఇంకా సమయం ఉన్నది. నాకు ఓపిక లేక వరండా కిటికీ దగ్గరకు పోయి ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకొని చూచినాను. గుండ్రని పుర్రె తెల్లగా ఉన్నది. దాని లోపలి అంచున మెదడును నొక్కుతూ నల్లని నెలవంక. ఏటా పండుగ ముందు పడమటి ఆకాశంలో వెదకడం అలవాటైన కన్ను కనుక వెంటనే కనిపించినది. అది నా ఎడమచేతి వైపున ఉన్నది. వెనక్కు వచ్చి అమ్మతో, "తలలో ఎడమ ప్రక్కన ఏదో చేరినది" అని చెప్పినాను. మా పెద్దమ్మ "ఎడమకాలే కదా ఈడుస్తున్నాడు, సరిపోయింది" అన్నది. నిజంగానే సరిపోయినట్లు అనిపించినది. ఒక తప్పుకు మరొక తప్పు సాక్ష్యం చెప్పినది.

మరునాడు ఉదయం తల క్షౌరం చేయించినారు. శస్త్రచికిత్స చేసే డాక్టరుగారు వచ్చి కలంతో ఒక గుర్తు పెట్టినారు. కుడివైపున పెట్టినారు.

ఆ క్షణాన్ని ఇప్పుడు తలచుకొన్నా నా అరచేతులు చల్లబడతవి. నేను అడ్డంగా నిలబడి, "డాక్టరుగారూ, ఎడమవైపు కదా! నేను ఫిల్ము చూచినాను" అన్నాను. గొంతు నాది కాదు. అక్కడి నర్సులు నన్ను ప్రక్కకు త్రోసివేసి ఉండవచ్చు. ఆయన మాత్రం ఆగి, ఫిల్ము తెప్పించి, వెలుగుపెట్టెకు తగిలించి, మూలన చిన్నదిగా ఉన్న ఇంగ్లీషు అక్షరం "ఆర్" చూపించినారు. బొమ్మకు ఎడమ ప్రక్కన ఉన్న ఆ అక్షరానికి అర్థం కుడి అని. "పండుకొన్న మనిషి పాదాల దగ్గర మీరు నిలబడి తలవైపు చూస్తున్నారనుకోండి. ఆయన కుడిచేయి మీకు ఏ వైపున ఉంటుంది? మేము ఈ బొమ్మను అట్లా చదువుతాము" అన్నారు. ఎడమకాలు ఎందుకు బలహీనపడినదో కూడా చెప్పినారు. మెదడు కుడిభాగం శరీరపు ఎడమభాగాన్ని నడుపుతుంది. నేను ప్రక్కకు తప్పుకొన్నాను. పుర్రెకు చిన్న రంధ్రాలు వేసి, పేరుకొన్న పాతరక్తాన్ని బయటకు తీసినారు. కొన్నాళ్ళకు నాన్నగారు రెండు చెప్పులతో ఇల్లు చేరినారు.

విద్యార్థులకు పద్యంలో యతి ఎక్కడ పడినదో, పదం ఎక్కడ విరిగినదో చూడకుండా అర్థం చెప్పవద్దని బోధించే నేను, ఏ దిక్కునుండి చదవాలో అడగకుండానే ఒక ఫిల్మును చదివి ఇంటిల్లిపాదికీ తీర్పు చెప్పినాను. ఆ సిగ్గే నన్ను పుస్తకాల దగ్గరకు పంపినది.

స్కాన్ అంటే ఒక ఫోటో అని నేను అనుకొన్నాను. కాదు. తలను అడ్డంగా కోసినట్లు కనిపించే ఆ బొమ్మను ఏ కెమెరా తీయలేదు. యంత్రం తీసేవి అంకెలు మాత్రమే. మన ఊరి పత్తి మార్కెట్టును దృష్టాంతంగా తీసుకొంటాను. ఒక పత్తి మూటలో ఎవడో బరువుకోసం రాయి దాచినాడనుకొందాము. మూట విప్పకుండా రాయి ఎక్కడున్నదో చెప్పాలి. ఒక ప్రక్కనుండి పొడవాటి సూదులను వరుసగా, సమాంతరంగా పొడుస్తూ పోతే ఏ వరుసలో అడ్డు తగిలినదో తెలుస్తుంది. కాని ఆ వరుసలో ముందున్నదో వెనుకున్నదో తెలియదు. మూటను కొంచెం త్రిప్పి మళ్ళీ పొడవాలి. ఇంకొంచెం త్రిప్పి మళ్ళీ పొడవాలి. ఈ వరుసలన్నీ ఒకదానినొకటి ఖండించుకొనే చోట రాయి ఉంటుంది. సూదికి బదులు ఎక్స్-కిరణం, అడ్డుకు బదులు ఆ కిరణం దారిలో ఎంత క్షీణించినదన్న కొలత. ఒక కోణంనుండి తీసిన కొలతల వరుసకు ప్రొజెక్షన్ అని పేరు. అన్ని కోణాల వరుసలనూ ఒకదానిక్రింద ఒకటి పేర్చితే వచ్చే పట్టికే ప్రొజెక్షన్ డేటా. దానిని బొమ్మగా చూస్తే శరీరంలోని ప్రతి బిందువూ అలలాగా వంపు తిరుగుతూ కనిపిస్తుంది కనుక సైనోగ్రాం అంటారు. అందులో తల కనిపించదు, మెదడు కనిపించదు. ఒకదానిమీద ఒకటి పడిన అలలు కనిపిస్తవి, అంతే.

ఇట్లా అన్ని దిక్కుల మొత్తాలనుండి లోపలి వస్తువును తిరిగి కట్టవచ్చునని ఆస్ట్రియా దేశపు గణితవేత్త యోహాన్ రాడాన్ 1917లోనే నిరూపించినాడు. ఆయన మనసులో వైద్యం లేదు. దక్షిణాఫ్రికాలో పుట్టిన అలన్ కార్మాక్ అనే భౌతికశాస్త్రవేత్త రాడాన్ సంగతి తెలియకుండానే ఈ సమస్యను సొంతంగా సాధించి 1963, 1964లలో ప్రకటించినాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఇంగ్లండులో గ్రామఫోను రికార్డులకు పేరుపడిన ఈ.ఎం.ఐ. సంస్థలో ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ యంత్రాన్ని నిర్మించినాడు. ఆయన తొలి ప్రయోగంలో ఒక్క వస్తువు కొలతలు తీయడానికి 9 రోజులు, వాటిని కంప్యూటరు లెక్కకట్టడానికి రెండున్నర గంటలు పట్టినవి. 1971 అక్టోబరులో లండను నగరపు వింబుల్డన్ ప్రాంతంలోని ఆట్కిన్సన్ మోర్లే ఆసుపత్రిలో మొదటి రోగి తలను స్కాన్ చేసినారు. ఒక్కొక్క డిగ్రీ చొప్పున 180 కోణాలు, ప్రతి కోణానికి 160 కొలతలు, మొత్తం 28,800 అంకెలు. వాటినుండి వచ్చిన బొమ్మ 80 గళ్ళు అడ్డం, 80 గళ్ళు నిలువు మాత్రమే. అయినా అందులో మెదడులోని గడ్డ కనిపించినది. 1979లో హౌన్స్‌ఫీల్డ్‌కూ కార్మాక్‌కూ కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చినారు.

అదే 1971లో మన దేశంలో జరిగిన పనిని మన పాఠ్యపుస్తకాలు ఎందుకు చెప్పవో నాకు అర్థం కాదు. కొల్లాజెన్ అనే మాంసకృత్తు నిర్మాణాన్ని వివరించి ప్రసిద్ధి పొందిన జి.ఎన్. రామచంద్రన్, ఏ.వి. లక్ష్మీనారాయణన్‌తో కలిసి ఆ సంవత్సరం ఒక పత్రం ప్రకటించినారు. కొలతల వరుసలను ఉన్నవి ఉన్నట్లు వెనక్కు పరచి కలిపితే బొమ్మ పొగమంచు పట్టినట్లు వస్తుంది. పరచడానికి ముందే ప్రతి వరుసనూ ఒక ప్రత్యేకమైన గుణకాల వరుసతో జల్లెడపట్టితే మంచు విడిపోతుంది, లెక్క కూడా వేగంగా తెములుతుంది అని వారు చూపించినారు. ఈ జల్లెడకు ఇద్దరి పేర్ల మొదటి భాగాలు కలిపి "రామ్-లాక్" ఫిల్టరు అని పేరు. ప్రపంచంలో స్కాన్ బొమ్మలు కట్టే సాఫ్ట్‌వేర్లలో నేటికీ ఆ పేరు కనిపిస్తుంది. ఆదోనిలో రైలెక్కితే గుంతకల్లు మీదుగా పోయే బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుతో వారి పేర్లు ముడిపడి ఉన్నవి. ఒక్కరైనా ఈ వాక్యం చదివి ఆ వైపు రైలెక్కితే నాకు సంతోషం.

ఇంతవరకు పుస్తకాలతో తెలుసుకొన్నది. అసలు సంగతి ఎమ్మిగనూరులో తెలిసినది.

మన కళాశాలలో చదివిన ఒక విద్యార్థి ఇప్పుడు వేరొక ఊరిలో ఎం.టెక్. చేస్తున్నాడు. చేనేత కుటుంబం. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘం నీడలో తరాలుగా బ్రతికిన ఇండ్లలో వారిది ఒకటి. గత సంక్రాంతి సెలవులలో ఇంటికి వచ్చి, "సార్, ఒకసారి రండి, మీరు అడిగిన స్కాన్ లెక్క చూపిస్తాను" అని ఫోను చేసినాడు. బస్సెక్కి పోయినాను. ముందరి గదిలో గుంటమగ్గం. గుంటలో కాళ్ళు పెట్టి వాళ్ళ నాయన నేస్తున్నాడు. ప్రక్కనే చాప మీద అబ్బాయి ల్యాప్‌టాప్ తెరచినాడు.

తన ప్రాజెక్టు ఫైలు చూపించినాడు. తెరమీద అంకెలు, అంకెలు, అంకెలు. "దీనిలో ఏది ఎక్కడ మొదలవుతుందో ఫైలు తనంతట తాను చెప్పదు సార్. మనం తెలుసుకొని చదవాలి" అన్నాడు. మొదట కొంత భాగం కొలతలు కావు, వాటిని గురించిన సమాచారం. వరుసకు ఎన్ని కొలతలు, ఎన్ని కోణాలు, కోణానికీ కోణానికీ ఎడమెంత, ఇటువంటివి. దానిని హెడర్ అంటారు. కావ్యంలో అవతారిక వంటిది. అవతారికలోని వంశావళిని కథ అనుకొని చదివినవాడు కృతిభర్త తాతగారిని కథానాయకుడిని చేస్తాడు. ఇక్కడా అంతే. హెడర్‌ను దాటవేయకుండా చదివితే అంకెలన్నీ కొంత ప్రక్కకు జరిగిపోతవి.

తర్వాత వరుస పొడవు. ఒక వరుసలో 513 కొలతలు ఉంటే 512 అని చదివినామనుకోండి. మొదటి వరుసలో ఒకటి మిగిలి రెండవ వరుసలో పడుతుంది. రెండవదానినుండి రెండు మూడవదానిలో పడతవి. చూస్తుండగానే పట్టిక మొత్తం ఏటవాలుగా ఒరిగిపోతుంది. అబ్బాయి అట్లా చేసి చూపించినాడు. నిలువుగా ఉండవలసిన అంచు తెరమీద వాలిపోయినది. మగ్గం ఆగినది. వాళ్ళ నాయన మెడ సాచి చూచి, "పడుగు అతికేటప్పుడు ఒక్క పోగు ఎగిరిపోతే ఇట్లనే సారూ. పొరపాటు ఒక్క పోగుది, తప్పు అంచు దాకా పోతుంది" అన్నాడు. మళ్ళీ నాడె విసిరినాడు.

నాకు తరగతిలో చెప్పే రాఘవపాండవీయం గుర్తుకు వచ్చినది. పింగళి సూరన ఒకే కావ్యంలో రామాయణ భారతాలు రెండూ నడిపినాడు. అక్షరాలు అవే. కొన్ని చోట్ల పదాన్ని విరిచే చోటు మారితే రాముని కథ పాండవుల కథ అవుతుంది. సూరన ఆ రెండు విరుపులనూ ముందే ఆలోచించి పెట్టినాడు. స్కాన్ ఫైలును అట్లా వ్రాసినవారు లేరు. దానికి సరైన విరుపు ఒక్కటే. మిగిలినవన్నీ చెత్త.

అన్నిటికంటె నన్ను ఆకర్షించినది అంకె లోపలి క్రమం. ఒక్కొక్క కొలతను కంప్యూటరు రెండు అరలలో దాస్తుంది. పెద్ద స్థానాల అర ముందు, చిన్న స్థానాల అర వెనుక పెట్టే పద్ధతి ఒకటి. దీనికి తలక్రిందులైన పద్ధతి మరొకటి. ఒక పద్ధతిలో వ్రాసినదానిని మరొక పద్ధతిలో చదివితే 1 కాస్తా 256 అవుతుంది. పంక్తి నడిచే దిక్కు సరిగానే ఉంటుంది. పంక్తిలోని సంఖ్య తిరగబడుతుంది. అబ్బాయి దీనిని వివరించడానికి చాలా శ్రమపడుతుంటే, "ఆగు నాయనా, ఇది నాకు ఇంటి పలక మీద మా అమ్మ నేర్పింది" అన్నాను.

ఇంకొక చిక్కు. ఏ సాఫ్ట్‌వేర్ ఎట్లా చదువుతుందో ఒక ఒప్పందం లేదు. పరిశోధక విద్యార్థులు ఉచితంగా వాడుకొనే వాటిలో సైకిట్-ఇమేజ్ అనేది ఒకటి, ఆస్ట్రా టూల్‌బాక్స్ అనేది మరొకటి. మొదటిదానిలో ఒక్కొక్క కోణపు కొలతలను నిలువు వరుసగా ఇవ్వాలి, కోణాలను డిగ్రీలలో చెప్పాలి. రెండవదానిలో అడ్డు వరుసగా ఇవ్వాలి, కోణాలను రేడియన్లలో చెప్పాలి. ఒక రేడియను సుమారు 57 డిగ్రీలు. డిగ్రీలను రేడియన్లనుకొని చదివితే ఒక్కొక్క అడుగు వేయవలసిన చోట యంత్రం ఏడామడ దూకుతుంది. రెండూ మంచి సాఫ్ట్‌వేర్లే. తప్పు వాటిది కాదు. మన సంచికను ఏ వైపు తెరవాలో చూడకుండా తెరచినవారిది.

డిటెక్టరు పంపేది ఎంత కిరణం చేరినదన్న లెక్క, ఎంత క్షీణించినదన్న లెక్క కాదు. వస్తువు లేనప్పుడు చేరిన కిరణంతో పోల్చి లాగరిథమ్ తీస్తేగాని అది కిరణం దారిలోని అడ్డుల మొత్తం కాదు. అబ్బాయి ఈ మెట్టు ఒకసారి మరచిపోతే ఎముక నల్లగా, గాలి తెల్లగా వచ్చినదట. ఇటువంటి తప్పులు మంచివి. గంటకొట్టినట్లు కనబడిపోతవి. చూడగానే ఎక్కడో పొరపాటు ఉన్నదని తెలుస్తుంది, వెదుకుతాము.

కనబడని తప్పు సంగతి అడిగినాను. ఆ ప్రశ్న అడగడానికి నాకు కారణం ఉన్నది.

"అన్నీ సరిచూచినాను సార్" అని ధీమాగా ఒక బొమ్మ తీసినాడు. వాళ్ళ ప్రయోగశాలలో ఒక చిన్న తిరుగుడుపీట ఉన్నది. దానిమీద వస్తువును పెట్టి ఒక ప్రక్కనుండి ఎక్స్-కిరణాలు పంపి, పీటను కొంచెం కొంచెంగా త్రిప్పుతూ కొలతలు తీస్తారు. కిరణాలు దూరంనుండి వస్తవి కనుక సమాంతరంగా భావించి లెక్క కడతారు. నీళ్ళు నింపిన గుండ్రని ప్లాస్టిక్కు డబ్బాను పీట నడిమధ్య పెట్టి తీసిన బొమ్మ అది. ముచ్చటైన గుండ్రం. ఎక్కడా మచ్చ లేదు.

ఆ గుండ్రం వైపు చూస్తుంటే నాకు నవ్వు వచ్చినది. "నీవు వికటకవితో పరీక్ష చేసినావు" అన్నాను. వాడికి తెలియలేదు. తెనాలి రామకృష్ణునికి వచ్చిన ఆ బిరుదును ఎడమనుండి చదివినా, కుడినుండి చదివినా ఒకటే. పలక మీద "కమల"కు బదులు "వికటకవి" వ్రాసి ఉంటే నేను ఏ దిక్కున వ్రాసినానో పంతులుగారికి ఏనాటికీ తెలిసేది కాదు. పీట నడుమ ఉన్న గుండ్రని డబ్బా ఏ కోణంనుండి చూచినా ఒకటే. దాని కొలతల వరుసలన్నీ ఒకే వరుస. వాటిని ముందునుండి వెనక్కు పేర్చినా, వెనుకనుండి ముందుకు పేర్చినా, పేకముక్కల్లాగా కలిపివేసినా వచ్చేది అదే గుండ్రం. కోణాల క్రమం సరిగా చదివినాడా లేదా అని ఆ డబ్బా ఎన్నడూ చెప్పజాలదు. అబ్బాయి నోరు తెరచి, కొంతసేపు ఆగి, "అవును సార్" అన్నాడు.

కోణాలను వెనుకనుండి ముందుకు చదివితే బొమ్మ చెదరదు. అదే ఇందులోని ప్రమాదం. చక్కని బొమ్మే వస్తుంది, అద్దంలోని ప్రతిబింబంలాగా. ఎముక ఎముకలాగానే ఉంటుంది. నెలవంక నెలవంకలాగానే ఉంటుంది. వైపు మాత్రం మారుతుంది.

మరి దేనితో పరీక్షించాలి? ఆ మధ్యాహ్నం మేము ముగ్గురమూ దీనిమీదనే కూర్చొన్నాము. ఎత్తుపల్లాలు తెలిసే రెండు పుల్లలను పీటమీద నిలబెడితే చాలునని అబ్బాయి అన్నాడు. ఒకటి లావు, ఒకటి సన్నం. నేను నేలమీద ఒక నాడెను, ఒక నూలుకండెను పెట్టి చూపించినాను. వాటి ప్రతిబింబాన్ని చుట్టూ త్రిప్పితే మళ్ళీ అదే అమరిక వస్తుంది. కనుక బొమ్మ తిరగబడిందా, మొదటి కోణం వేరుగా ఎంచినామా అన్నది తేలదు. రెండు చాలవు. నా కలాన్ని కూడా తీసి పెట్టినాను. ఇప్పుడు నాడెనుండి కండెకు, కండెనుండి కలానికి పోతే గడియారం ముల్లు తిరిగిన దిక్కు. దీనిని నేలమీద ఎంత త్రిప్పినా ఆ దిక్కు మారదు. అద్దం ఒక్కటే దానిని మార్చగలదు. మూడు కావాలి, మూడూ వేరువేరుగా గుర్తుపట్టగలిగినవై ఉండాలి, ఒకే గీతమీద నిలబడకూడదు. అల్యూమినియం కడ్డీ, ప్లాస్టిక్కు కడ్డీ, కొయ్య పుల్ల అని నిర్ణయించినాము. కిరణాన్ని ఎక్కువగా ఆపేది, మధ్యరకం, తక్కువగా ఆపేది. పైనుండి చూస్తే అదే వరుసలో గడియారం ముల్లు దిక్కున. నా నోటుపుస్తకంలో ఆ అమరికను గీసుకొని తేదీ వేసుకొన్నాను. నాదాన్ని నమ్మి కాదు. వాడు తన బొమ్మ చూచిన తర్వాత జ్ఞాపకం దానికి తగినట్లు మారకుండా ఉండడానికి. ఒక్కరోజులో నా జ్ఞాపకాన్ని మా పెద్దమ్మ మాట ఎట్లా సమర్థించినదో నేను మరువలేదు.

సెలవులు ముగిసి వాడు వెళ్ళిన పదిరోజులకు రాత్రి ఫోను వచ్చినది. "తిరగబడింది సార్" అన్నాడు. గొంతులో సంతోషమూ భయమూ కలిసి ఉన్నవి. అల్యూమినియం, ప్లాస్టిక్కు, కొయ్య అని పోవలసిన వరుస ఎదురు దిక్కున పోయినది. కారణం కూడా వాడే కనిపెట్టినాడు. ప్రయోగశాలలో కిరణాల పెట్టె కదలదు, వస్తువే తిరుగుతుంది. ఆసుపత్రి యంత్రంలో మనిషి కదలడు, కిరణాల పెట్టె ఆయన చుట్టూ తిరుగుతుంది. వాడు వాడిన ప్రోగ్రాము రెండవ పద్ధతిని ఊహించుకొని వ్రాసినది. పీట గడియారం ముల్లు దిక్కున తిరగడమంటే, పీటమీద కూర్చొన్న వస్తువు దృష్టిలో కిరణాల పెట్టె దానికి ఎదురు దిక్కున తిరగడం. ఆదోని స్టేషనులో ప్రక్క బండి కదిలితే మన బండే కదిలిందనుకొని ఉలిక్కిపడని వారెవరు? ఆ ఉలికిపాటే ఇది. దిద్దుబాటు ఒక్క రుణచిహ్నం. ఆరునెలలుగా అది లేకుండానే వాడు బొమ్మలు కట్టి, గుండ్రని డబ్బాను చూచి నిశ్చింతగా ఉన్నాడు.

ఇది చదివి స్కాన్ అంటే ఎవరూ బెదరనక్కరలేదు. ఆసుపత్రులకు వచ్చే యంత్రాలలో ఈ క్రమాలన్నిటినీ తయారీ దశలోనే తేల్చి పంపుతారు. తెలిసిన నమూనా వస్తువులను పెట్టి యంత్రాన్ని క్రమం తప్పక పరీక్షిస్తారు. బొమ్మతోపాటు రోగి శరీరం ఏ దిక్కున ఉన్నదో కూడా ఫైలులోనే వ్రాసి ఉంచుతారు. ఫిల్ము మూలన నేను చూడకుండా వదిలిన ఆ చిన్న అక్షరం దానినుండి వచ్చినదే. నాన్నగారి తల విషయంలో యంత్రం సరిగానే చదివినది, డాక్టరుగారు సరిగానే చదివినారు.

రెండు బొమ్మలూ అబ్బాయి ఫోనుకు పంపినాడు, దిద్దకముందుది, దిద్దిన తర్వాతిది. నోటుపుస్తకం తెచ్చి ప్రక్కన పెట్టుకొని పోల్చి చూచినాను. రెండవది సరిపోయినది. నాన్నగారు నా భుజం మీదుగా తొంగిచూచి, మూడు చుక్కలకోసం తండ్రీకొడుకుల్లాగా ఇంత ఆదుర్దా ఏమిటని అడిగినారు. చెప్పినాను. ఆయన బీరువానుండి తన ఫిల్ము తీసినారు. దానిని ఆయన భద్రంగా దాచుకొన్నారు. ఇంటికి ఎవరు వచ్చినా కిటికీకి ఎత్తిపట్టి, "ఆపరేషను ఏ ప్రక్కన చేసినారో చెప్పుకో" అని అడగడం ఆయనకు ఒక వినోదం. వచ్చినవారు ఫిల్మును జాగ్రత్తగా చూచి, "ఎడమ ప్రక్కన" అంటారు. ఇంతవరకు అందరూ అట్లాగే అన్నారు. ఆయన అప్పుడు తలమీది టోపీ తీసి, కుడివైపున మచ్చ చూపిస్తారు.